పళ్లెంలో నా వైపు

జూన్ 12, గురువారం

పళ్లు తోముకుంటుంటే నోట్లో నీళ్లు నిలవలేదు. పుక్కిలిద్దామని బుగ్గ నింపితే ఎడమ పక్కనుంచి ధార కట్టి నైటీ మీద పడ్డాయి. నిద్రమత్తు అనుకుని మళ్లీ పోసుకున్నాను. మళ్లీ కారాయి. అప్పుడు అద్దంలోకి చూశాను.

కుడి సగం నాదే. ఎడమ సగం ఇంకా నిద్ర లేవలేదు. కనుబొమ్మ జారిపోయింది. కన్ను మూద్దామంటే సగంలో ఆగిపోయింది. మూతి ఎవరో కుడివైపుకి లాగి వదిలేసినట్టు ఉంది.

మౌనికని కేకేశాను. పెదాలు కలవక ‘ఔనికా’ అని వచ్చింది. అది నవ్వుకుంటూ వంటింట్లోంచి వచ్చి, నన్ను చూసి, చేతిలో గరిటెతోనే గోడకి ఆనుకుంది.

“ఏమైందే? ఏంది గిట్లున్నవ్?”

నాలుగేళ్లుగా ఈ కొండాపూర్ ఫ్లాట్‌లో దానితో ఉంటున్నాను. తల దువ్వుకోకుండా గడప దాటడం ఎప్పుడూ చూడలేదు. ఇవాళ నైటీ మీద చున్నీ వేసుకుని నాతో ఆటో ఎక్కింది. దారంతా నా చెయ్యి వదల్లేదు. పక్షవాతం అన్న మాట ఇద్దరం అనుకున్నాం, ఇద్దరం పైకి అనలేదు.

డాక్టరే అన్నాడు. “పక్షవాతం కాదమ్మా, కంగారు పడకండి. ముఖానికి వెళ్లే నరం వాచింది. బెల్స్ పాల్సీ అంటారు. చాలామందికి కొన్ని వారాల్లో తగ్గిపోతుంది. కొందరికి నెలలు పడుతుంది. కొద్దిమందికి కాస్త మిగిలిపోతుంది.” మూడు మాటలూ ఒకే గొంతుతో చెప్పాడు. నేను మొదటి మాట ఒక్కటీ తీసుకుని మిగతా రెండూ అక్కడే వదిలేసి వచ్చాను.

“ఫికర్ చెయ్యకు. వచ్చే శుక్రవారం కల్లా తక్కువైతది” అంది మౌనిక.

అవుతుంది.

జూన్ 13, శుక్రవారం

మౌనిక, శ్యామ్, రసజ్ఞ ముగ్గురూ శుక్రవారం తిండికి వెళ్లారు. నేనే వెళ్లమన్నాను. శుక్రవారం ఆగకూడదు.

జూన్ 17, మంగళవారం

అమ్మ ఒంగోలు నుంచి వీడియో కాల్ చేసింది. కెమెరా ఆపి మాట్లాడాను. “పెట్టు అమ్మలూ” అని మూడుసార్లు అడిగాక పెట్టాను. ఏళ్ల తరబడి వార్డుల్లో నర్సుగా చేసిన మనిషి. ఫోన్ దగ్గరికి లాక్కుని చూసింది. తర్వాత “ఏ వైపు?” అని అడిగింది. కనిపిస్తూనే ఉంది కదా.

“సెలవు పెట్టి వచ్చెయ్. తగ్గేదాకా ఇక్కడే ఉందువుగాని.”

“ఇంటినుంచే పని చేయమన్నారమ్మా. కాల్స్‌లో కెమెరా ఆపుకోమన్నారు. రానవసరం లేదు.”

“రాకపోతే మానె. బయట మాత్రం తినకు తల్లీ. నలుగురిలో నోరు కారుతుంటే చూసేవాళ్లు ఊరుకోరు. నయమయ్యాక తిందువు, హోటళ్లు ఎక్కడికీ పోవు.”

అమ్మకి మా శుక్రవారం సంగతి తెలీదు. చెప్పినా అర్థం కాదు. ఒకే రోజు ఉద్యోగంలో చేరి, మొదటి జీతం ఇంకా చేతికి రాకముందు లింగంపల్లి స్టేషన్ దగ్గర బండి ముందు నిలబడి ఇడ్లీ తిన్న నలుగురం. నేను, మౌనిక, శ్యామ్, రసజ్ఞ. ఇప్పుడు నలుగురివీ నాలుగు కంపెనీలు. శుక్రవారం సాయంత్రం మాత్రం ఎక్కడో ఒకచోట కలిసి తింటాం. వంతు ఎవరిదైతే వాళ్లు చోటు చెప్పాలి. మిగతావాళ్లు నోరెత్తకుండా రావాలి. గొప్ప హోటల్ కాకూడదు. అంతే, ఇంకే నియమమూ లేదు. రసజ్ఞ నిశ్చితార్థం తప్పిపోయిన సంగతి ఒక చాట్ బండి దగ్గర చెప్పింది. శ్యామ్ వాళ్ల నాన్న పోయాక ఊరినుంచి వచ్చిన మొదటి శుక్రవారం కూడా వాడు వచ్చాడు. ముద్ద ముట్టుకోకుండా కూర్చున్నాడు. మేం తినమని అనలేదు. వాడి పక్కన కూర్చుని మేం తిన్నాం.

వచ్చే శుక్రవారం వెళ్తాను.

నాకేం బాధ లేదు. నొప్పి కూడా లేదు.

జూన్ 20, శుక్రవారం

వెళ్లాను.

శ్యామ్ వంతు. మాదాపూర్‌లో అయ్యప్ప సొసైటీ వెనక టిఫిన్ హోటల్. ఆఫీసులు వదిలే వేళ, కూర్చోడానికి చోటు లేదు. నా ఎడమ చెవికి ఇప్పుడు ప్రతి చప్పుడూ రెండింతలుగా వినిపిస్తుంది. స్టీలు గ్లాసు బల్ల మీద పెడితే తలలో పెట్టినట్టుంది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

సర్వర్‌తో పెసరట్టు అన్నాను. అతను వంగి, “ఏంటి మేడమ్?” అన్నాడు. మళ్లీ అన్నాను. నేను మూడోసారి నోరు తెరిచేలోపే శ్యామ్ అందుకుని, “ఆవిడకి పెసరట్టు, అల్లం చట్నీ ఎక్కువ” అన్నాడు. వాడు మంచికే అన్నాడు. నాలిక ఎడమ సగానికి రుచి తెలియడం లేదు. కుడి సగంతో తిన్నాను. ముద్ద ఎడమ బుగ్గలోకి జారితే వేలితో నెట్టుకోవాలి. చెయ్యి అడ్డం పెట్టుకుని నెట్టుకున్నాను.

పక్క టేబుల్ పిల్లకి అయిదారేళ్లుంటాయి. నన్నే చూస్తోంది. వాళ్లమ్మ పిల్ల గడ్డం పట్టుకుని మొహం అటు తిప్పింది. పిల్ల చూసినందుకు నాకేమీ అనిపించలేదు. ఆ తిప్పడమే...

కాఫీ గడ్డం మీదుగా కారింది. నాకు తెలియనే లేదు, ఆ వైపు అంత తెలియదు. ఎదురుగా ఉన్న రసజ్ఞ టిష్యూ తీసి, లేచి వచ్చి, నా గడ్డం తుడిచింది. అడగకుండా, అన్నం తినిపించే పిల్లకి తుడిచినట్టు. తర్వాత బ్యాగులోంచి శానిటైజర్ తీసి చేతులకి రాసుకుంది. అది ఎప్పుడూ రాసుకుంటుంది. కాలేజీ రోజుల నుంచీ అలవాటట.

జూన్ 21, శనివారం

రసజ్ఞ మంచిది. వేరేవాళ్లయితే చూసీ చూడనట్టు ఊరుకునేవాళ్లు.

జూన్ 22, ఆదివారం

చర్చిలో నా కోసం ప్రార్థన చేశారు. “మన సహోదరి ఎవాంజెలిన్ ముఖమును...” అని మైకులో. ముఖం అనకుండా చేసి ఉంటే బావుండేది. దేవుడికి తెలుసు కదా.

జూన్ 27, శుక్రవారం

మౌనిక వంతు. “ఈసారి ఇంట్లనే తిందాం. పార్సిల్ తెప్పిస్త. నీకు గూడ ఆరాముగ ఉంటది” అంది.

నలుగురం హాల్లో చాప వేసుకుని తిన్నాం. ఎవరి డబ్బా వాళ్లకి. టీవీ పెట్టారు, అందరూ టీవీ వైపే చూస్తూ తిన్నారు. నాకూ ఇదే సుఖంగా ఉంది. అద్దాలు లేవు, పక్క టేబుళ్లు లేవు.

శ్యామ్, రసజ్ఞ తొందరగా వెళ్లిపోయారు.

జులై 4, శుక్రవారం

రసజ్ఞ వంతు. మధ్యాహ్నం గ్రూపులో మెసేజ్ పెట్టింది: ‘ఆఫీసులో రిలీజ్ ఉంది, ఈ వారం కుదరదు.’ శ్యామ్ బొటనవేలి బొమ్మ పెట్టాడు. మౌనిక ఆఫీసులో ఆలస్యమవుతుందని చెప్పింది.

పెదాలు కలిస్తేగాని పలకని అక్షరాలు పట్టుకుని కూర్చున్నాను. ప, బ, మ. మన తిండి అంతా ఈ మూడింటిలోనే ఉంది. పప్పు, పులుసు, పచ్చడి, బజ్జీ, బిర్యానీ, మజ్జిగ, మాంసం. ఇడ్లీ, చారు లాంటివి మాత్రం సులువుగా వస్తాయి.

జులై 8, మంగళవారం

ఎడమ కనుబొమ్మ కదిలింది. స్పష్టంగా.

జులై 9, బుధవారం

కదల్లేదు. నిన్న కూడా కదల్లేదేమో.

జులై 11, శుక్రవారం

ఇవాళ నా వంతు. పొద్దున్నే రసజ్ఞ రాసింది: ‘వాన, ట్రాఫిక్, ఎవాకి చల్లగాలి మంచిది కాదు. వచ్చే వారం చూద్దాం.’ సరే అని పెట్టాను. నిజంగానే వాన.

మౌనిక ఎనిమిదిన్నరకి వచ్చింది. తడిసిన చెప్పులు విప్పుతుంటే వాసన వచ్చింది. నా నాలిక సగమే పనిచేస్తుంది గాని ముక్కుకేమీ కాలేదు. నెయ్యి, ఎర్రగా వేగిన ఉల్లిపాయ, ఏలకులు, నిప్పుల మీద కాల్చిన మాంసం. చేత్తో తింటే సబ్బు పెట్టి కడిగినా రెండు గంటలు పోని వాసన. మండీ వాసన, ఒకే పెద్ద పళ్లెం చుట్టూ కూర్చుని తినే అరబ్బీ మాంసం అన్నం. ఈ చుట్టుపక్కల ఇంకే తిండికీ అది ఉండదు.

“ఎక్కడ తిన్నావ్?”

“ఆఫీసుల ఏదో తిన్న.”

“చెయ్యి ఇటు తే.”

తేలేదు. చెప్పుల స్టాండు మీద కూలబడింది. అబద్ధం చెప్పడం రాదు దానికి.

“రసజ్ఞ అన్నదే. మండీ తినక చాన దినాలైంది, పోదామని. శ్యామ్ అన్నడు, ఎవాకు చెప్దామని. అది... ఒక్కటే పళ్లెం గదా, నాతోని గాదు అన్నది.”

“ఏది కాదంది?”

“ఇడిసిపెట్టు ఎవా.”

“చెప్పు.”

“నీ నోట్లకెళ్లి కారుతుంటే ఆమెకు ముద్ద దిగుతలేదంట. టిఫిన్ హోటల్ల గూడ ఏం తినలేదంట ఆ దినం. ఇంటికి పోయి కక్కుకున్నదంట.”

“నువ్వేమన్నావ్?”

తడిసిన చున్నీ కొన పిండింది.

“నేనేం అనలే.”

“తిన్నావా?”

“తిన్న.”

“బావుందా?”

అప్పుడు ఏడ్చింది. నేను లేచి కిటికీ వేశాను, జల్లు లోపలికి కొడుతోంది. దాన్ని ఊరుకోబెట్టలేదు. రోజూ పడుకునే ముందు, మూతపడని నా కంటికి ప్లాస్టర్ వేసేది అదే. ఇవాళ నేనే వేసుకున్నాను, వంకరగా.

జులై 12, శనివారం

నాకేం బాధ లేదని పైన ఎక్కడో రాశాను. కొట్టేయను. ఉండనీ.

జులై 14, సోమవారం

ఇవాళ ఒక్కదాన్నే బయట తిన్నాను.

మధ్యాహ్నం ల్యాప్‌టాప్ మూసేసి, గచ్చిబౌలి వెళ్లే రోడ్డులో ఉన్న భోజనం మెస్‌కి వెళ్లాను. గుంటూరు భోజనం అని బోర్డు. ఐడీ కార్డులు మెడలో వేసుకున్న వాళ్లతో నిండిపోయి ఉంది. ఓనరు సోమేశ్వరరావు గారు గల్లా దగ్గరుంటారు, మేం అప్పుడప్పుడూ వెళ్లే చోటే కాబట్టి పేరు తెలుసు. నేను గుమ్మం ఎదురుగా ఉన్న బల్ల దగ్గర, రోడ్డుకి ఎదురుగా కూర్చున్నాను. కావాలనే.

కూరలు తిప్పే అతన్ని పప్పు వేయమన్నాను. మొదటి ‘ప’ గాలిలో పోయింది. అతను ఇబ్బందిగా గోడ వైపు చూపించాడు. ‘అప్పు అడగవద్దు’ అని అక్కడ రాసి ఉంది. నాకు నవ్వు వచ్చింది. ముఖం ఇలా అయ్యాక నవ్వడం అదే మొదటిసారి, నవ్వితే ఇంకా వంకర పోతుందని బిగబట్టుకుంటున్నాను కదా. ఇవాళ ఆపుకోలేదు. బకెట్ వైపు వేలు చూపిస్తే అతనికి అర్థమై, తనూ నవ్వి, రెండు గరిటెలు వేశాడు.

సగం భోజనంలో ఉండగా సోమేశ్వరరావు గారు వచ్చి పక్కన నిలబడ్డారు.

“అమ్మా, లోపల ఫ్యామిలీ రూమ్ ఖాళీగా ఉందండి. అక్కడైతే మీకు ఇబ్బంది లేకుండా ఉంటుంది.”

“ఇక్కడ ఇబ్బందేమీ లేదండీ.”

“అది కాదమ్మా. నలుగురూ వచ్చే చోటు కదండి.”

“ఆ నలుగురిలో నేను లేనా అండీ?”

నా మాట ఆయనకి వెంటనే అర్థం కాలేదు. పెదాలు సరిగా పలకలేదు. మళ్లీ అన్నాను, నెమ్మదిగా, గట్టిగా. ఈసారి ఎదురు బల్ల వాళ్లకి కూడా అర్థమైంది. తినడం ఆపి చూశారు. ఆయన మొహం ఎర్రబడింది. భుజం మీద తువ్వాలు సర్దుకుని, “చారు పొయ్యమంటారా?” అన్నారు.

“పొయ్యమనండి.”

చారు కారింది. తుడుచుకున్నాను. పెరుగు దాకా తిని లేచాను.

జులై 16, బుధవారం

ఇది కూడా రాయాలి. బిర్యానీ హోటల్ గుమ్మం దాకా వెళ్లాను. లోపల ఎవరో పుట్టినరోజు చేసుకుంటున్నారు. కుర్రాళ్లు ఫోన్లు ఎత్తి వీడియోలు తీసుకుంటున్నారు. లోపలికి వెళ్లలేదు. పార్సిల్ కట్టించుకుని వచ్చి వంటింట్లో నిలబడి తిన్నాను.

మౌనికతో మాట్లాడటం లేదు. ఒకే ఇంట్లో ఉండి. పొద్దున నా కంటి చుక్కల మందు బయట పెట్టి వెళ్తోంది.

జులై 19, శనివారం

నిన్న శుక్రవారం, గ్రూపులో ఎవరూ చోటు చెప్పలేదు. ఇవాళ ఖాజాగూడ చెరువు వైపు వెళ్లాను. రోడ్డు పక్కన రాళ్ల దగ్గర ఒకావిడ జొన్నరొట్టెలు చేస్తుంది. రేకు కుర్చీలో కూర్చోగానే, పిండి తట్టడం ఆపకుండా అడిగింది.

“ఏమైంది బిడ్డా మొకానికి?”

“నరం వాచింది.”

“ఎన్ని దినాలైంది?”

“నెల దాటింది.”

“అట్లనా. కోడికూర కారం ఉంటది మరి, తింటవా? ఉల్లిగడ్డ కొయ్యాల్నా?”

ఇన్నాళ్లలో మొహం మీద అడిగింది ఈవిడే. అడిగి మర్చిపోయింది. రెండు రొట్టెలు తిన్నాను. ఎడమ బుగ్గలో ఇరుక్కుంటే వేలు పెట్టి తీసుకున్నాను, చెయ్యి అడ్డం పెట్టుకోలేదు.

జులై 21, సోమవారం

డాక్టర్ దగ్గరికి వెళ్లాను. నుదురు ముడవమన్నాడు, కన్ను మూయమన్నాడు, ఈలవేసినట్టు పెదాలు పెట్టమన్నాడు. కన్ను ఇప్పుడు మూతపడుతోంది. అది మంచి గుర్తన్నాడు. మూతి గురించి అడిగాను.

“కదలిక మొదలైంది. కాని మీకు కొంచెం నెమ్మదిగా ఉంది. కాస్త వంకర మిగిలిపోవచ్చు. వ్యాయామాలు మానకండి.”

ఆ రోజు అక్కడే వదిలేసి వచ్చిన మూడో మాట ఇదే. ఇవాళ తెచ్చుకున్నాను.

బయటికి వచ్చి కాసేపు మెట్ల మీద కూర్చున్నాను. తగ్గాక వెళ్తాను, తగ్గాక నవ్వుతాను, తగ్గాక వాళ్లతో మాట్లాడతాను అని దాచి పెట్టుకున్నవన్నీ గుర్తొచ్చాయి. ఇంకెంతకాలం దాచాలి? ఇదే నా మూతి అయితే దీంతోనే తినాలి.

జులై 23, బుధవారం

గ్రూపులో రాశాను: ‘శుక్రవారం ఏడు గంటలకి కొండాపూర్ మండీ. పదకొండో తారీఖున మీరు తిన్నది నా వంతు. అది నాకు తిరిగి కావాలి. నలుగురికీ ఒకే పళ్లెం.’

ముగ్గురూ చదివారు. సాయంత్రం శ్యామ్ ఫోన్ చేశాడు.

“ఎవా, సారీ. నిజంగా సారీ. ఆ రోజు నేను గట్టిగా చెప్పాల్సింది.”

“సరే.”

“ఒకటి అడగనా? మండీ కాకుండా ఇంకేదైనా పెట్టుకుందామా? ఎవరి ప్లేట్ వాళ్లకుండేది. గొడవ ఉండదు కదా.”

“చెప్పిన చోటికి నోరెత్తకుండా రావాలి శ్యామ్.”

“అది కాదు, రసజ్ఞ...”

“ఎవరూ రాకపోయినా నేను వెళ్తాను. ఒక్కదాన్నే కూర్చుంటాను. మిగిలింది కట్టించుకుని రెండు రోజులు తింటాను.”

ఫోన్ పెట్టేశాక చూస్తే మౌనిక గుమ్మంలో ఉంది. విన్నట్టుంది. “నేనొస్త” అంది.

జులై 25, శుక్రవారం

పడుకోబోయే ముందు అంతా రాసేయాలి.

ఇద్దరం నడుచుకుంటూ వెళ్లాం. దారిలో మాట్లాడుకోలేదు గాని, గుంతలో నీళ్లు నిలిచిన చోట అది నా మోచెయ్యి పట్టుకుంది. నేను విడిపించుకోలేదు. శ్యామ్ అప్పటికే తివాచీ మీద బాలీసుకి ఆనుకుని కూర్చున్నాడు. మూలన ఉన్న గదిలాంటి చోటు ఎంచుకున్నాడు, తెర కూడా ఉంది. “ఇక్కడ కాదు” అన్నాను. లేచి, హాలు మధ్యలో ఉన్న దిమ్మె మీదకి వచ్చాడు. చెప్పులు విప్పి ఎక్కి కూర్చున్నాం. చుట్టూ జనమే. కుటుంబాలు, ఆఫీసు గుంపులు. కొందరు చూశారు. నేనూ వాళ్లని చూశాను. కాసేపటికి వాళ్లే తల తిప్పుకున్నారు.

ఆర్డర్ నేనే చెప్పాను. “మటన్ మండీ, నలుగురికి.” వెయిటరు మొదటిసారే అర్థం చేసుకున్నాడు.

“ముగ్గురే ఉన్నరు గదా మేడమ్?”

“నాలుగో ఆవిడ వస్తుంది.”

వస్తుందో లేదో నాకు తెలియదు. ఆ మాట మాత్రం గట్టిగా అన్నాను.

పళ్లెం రాకముందే రసజ్ఞ వచ్చింది. దిమ్మె కింద నిలబడిపోయింది, చెప్పులు విప్పలేదు. భుజం మీద బ్యాగు రెండు చేతులతో పట్టుకుంది. సన్నబడినట్టుంది. లేక నేనే చాలా రోజులకి సరిగా చూశానేమో.

“కూర్చోడానికి రాలేదు ఎవా. మొహం చూసి చెప్పాలని వచ్చాను.”

“చెప్పు.”

“మౌనిక చెప్పింది నిజమే. నేను అలాగే అన్నాను.” బ్యాగు పట్టీ సర్దుకుంది. “మా తాతయ్యకి పక్షవాతం వచ్చినప్పుడు నేను మూడో క్లాసు. రోజూ ఆయన పక్కనే కూర్చోబెట్టి అన్నం పెట్టేవాళ్లు, ఆయన ఒంటరిగా తినకూడదని. నోట్లోంచి పడింది నా కంచంలో పడేది. కదిలితే అమ్మ కొట్టేది. ఆయన పోయేదాకా అలాగే తిన్నాను. నీ మీద నాకేమీ లేదు. నీ నోరు చూస్తే అది గుర్తొస్తుంది, కడుపులో తిప్పుతుంది. ఆపుకోలేకపోతున్నాను.”

శ్యామ్ తివాచీ మీద పోగులు లాగుతున్నాడు. మౌనిక నా వైపే చూస్తోంది.

నాకు జాలి వేసింది. జాలి వెనకే కోపం కూడా వచ్చింది, రెండూ ఒకేసారి. ఇంట్లో ఒక్కదాన్నే నాలుగు గోడల మధ్య ప, బ, మ అనుకుంటూ కూర్చున్న శుక్రవారం గుర్తొచ్చింది.

“రసజ్ఞా, అది నాకు చెప్పి ఉంటే వినేదాన్ని. వాన అన్నావ్. రిలీజ్ అన్నావ్. నా ఆరోగ్యం అన్నావ్.”

“అవును.”

“నీకు కడుపులో తిప్పితే అది నీ ఇబ్బంది. నా నోటి తప్పు కాదు. నీ ఇబ్బందికి నన్ను ఇంట్లో కూర్చోబెట్టారు మీరు ముగ్గురూ.”

మాటలు ముద్దముద్దగానే వచ్చాయి. ‘మీరు ముగ్గురూ’ దగ్గర తడబడ్డాను. తుంపర పడింది. రసజ్ఞ చూసింది, వెనక్కి జరగలేదు.

“నేను వెళ్తాను” అంది.

“వద్దు. కూర్చో. నాతో ఒక పళ్లెంలో తినలేకపోతే తినకు. వేరే ప్లేటు తెప్పించుకో. కాని వేరే ప్లేటు నీకు, నాకు కాదు.”

వెనక ఎవరో నవ్వుతున్నారు, గిన్నెలు మోగుతున్నాయి, నా ఎడమ చెవిలో అంతా ఒకే హోరు. తర్వాత వంగి చెప్పులు విప్పింది. ఎక్కి నాకెదురుగా కూర్చుంది. వెయిటరు పెద్ద పళ్లెం తెచ్చి మధ్యలో పెట్టాడు. పసుపూ తెలుపూ కలిసిన అన్నం గుట్ట, మీద జీడిపప్పు, కిస్‌మిస్, వేయించిన ఉల్లిపాయ, కాల్చిన పెద్ద పెద్ద మాంసం ముక్కలు. ఆవిరి మా నలుగురి మొహాల మీదకీ కొట్టింది.

“ఒక చిన్న ప్లేటు ఇవ్వండి” అంది రసజ్ఞ.

అతను ప్లేటు తెచ్చాడు. నలుగురినీ చూశాడు. ఎవరికని అడగలేదు, వంగి తిన్నగా నా ముందు పెట్టాడు.

మౌనిక నోరు తెరవబోయింది. దానికంటే ముందు రసజ్ఞ చెయ్యి చాపి, ఆ ప్లేటు తన వైపు లాక్కుంది.

“అది నాకండీ. ఆవిడకి కాదు. నాకే వేరే ప్లేటు కావాలి.”

పక్క దిమ్మె వాళ్లకి వినపడేంత గట్టిగా అంది. అతను “సారీ మేడమ్” అని వెళ్లిపోయాడు. రసజ్ఞ మొహం కందిపోయింది. కళ్లు తుడుచుకోకుండానే గరిటెతో తన ప్లేటులోకి అన్నం పెట్టుకుంది.

నేను చెయ్యి పెట్టాను. నా వైపు అన్నంలో గుంట చేసి, మాంసం విరిచి, కలుపుకున్నాను. మౌనిక తన వైపునుంచి ఒక మెత్తటి ముక్క తీసి నా వైపు తోసింది. “అది నమలనీకె అల్కగ ఉంటది” అంది. తిన్నాను. కుడి సగం నాలికకి ఆ రుచి తెలిసింది, అది చాలు. గడ్డం మీద నెయ్యి కారింది. నేనే తుడుచుకున్నాను. ఒకసారి తుడుచుకోవడం మర్చిపోయాను, ఎవరూ లేచి రాలేదు, ఎవరూ చెప్పలేదు. శ్యామ్ వాళ్ల కొత్త మేనేజర్ నడక ఎలా ఉంటుందో కూర్చునే చేసి చూపించాడు. నోటినిండా ముద్ద పెట్టుకుని నవ్వాను, మూతి ఎటు పోతే అటు పోయింది. రసజ్ఞ తల దించుకుని తింటోంది. రెండు ముద్దలకోసారి తలెత్తి నన్ను చూస్తోంది. ఒకసారి మింగలేక నీళ్లు తాగింది. మళ్లీ చూసింది.

దాన్ని క్షమించానా? తెలియదు. మౌనికని కూడా ఇంకా పూర్తిగా కాదు. కాని నా చోట నేను కూర్చున్నాను. ఎవరూ ఇవ్వలేదు, వచ్చి కూర్చున్నాను.

ఇప్పుడు నేను నెమ్మదిగా తింటాను. వాళ్ల ముగ్గురిదీ అయిపోయింది, నా వైపు ఇంకా సగం ఉంది. వెయిటరు వచ్చి, “అయిపోయిందా?” అని పళ్లెం అంచు పట్టుకున్నాడు.

“ఇంకా తింటున్నాను” అన్నాను.

అతను చెయ్యి తీసేశాడు. నేను తిన్నాను. తొందరపడలేదు. పక్క దిమ్మె మీద వాళ్లు లేచి వెళ్లి వేరేవాళ్లు వచ్చారు. శ్యామ్ మోకాళ్లు చాపుకున్నాడు. మౌనిక బాలీసుకి ఆనుకుంది. ముగ్గురి చేతులకీ మెతుకులు ఎండిపోయాయి. ఎప్పుడూ తినడం అవగానే అందరికంటే ముందు సింకు దగ్గరికి పరుగెత్తే రసజ్ఞ కూడా లేవలేదు. ఎండిన ఎంగిలి చెయ్యి ఒళ్లో పెట్టుకుని, నా ఆఖరి ముద్ద అయ్యేదాకా అలాగే కూర్చుంది.